ఇంటి డాబాపై సోలార్: పాత బిల్లులు తీయడం నుంచి సబ్సిడీ అందేవరకు ఏది ముందు, ఏది తర్వాత

డాబాపై సోలార్ పెట్టించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి అనే ప్రశ్న పదేపదే వస్తోంది. 2024 ఫిబ్రవరిలో, ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం వచ్చాక ఇది పట్టణాలతో పాటు పల్లెల్లోనూ వినిపిస్తోంది.

ప్యానెళ్లు బిగించే పని రెండు రోజుల్లో అయిపోతుంది. చిక్కులన్నీ దానికి ముందో వెనకో వస్తాయి. కరెంటు బిల్లు చనిపోయిన తాతగారి పేరున ఉంటుంది. డిసెంబరులో ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద పడుతుంది. లైను నుంచి తీసుకున్న, లైనుకు ఇచ్చిన యూనిట్లను విడివిడిగా లెక్కించే నెట్ మీటరు రాకముందే ఎవరో స్విచ్చు వేస్తారు. పనుల వరుస సరిగా ఉంటే వీటిలో ఏదీ మీ దాకా రాదు.

ఇక్కడ చెప్పేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సొంత డాబా ఉండి, విద్యుత్ లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సోలార్ పెట్టించుకునే ఇంటి గురించి.

## 1. పన్నెండు నెలల బిల్లులు ముందు వేసుకోండి

ఎన్ని కిలోవాట్లు కావాలో అమ్మేవారు చెప్పకముందే మీకు తెలిసి ఉండాలి. గత పన్నెండు నెలల యూనిట్లు కూడి, పన్నెండుతో భాగించండి. ఒక్క మే నెల బిల్లు చూసి నిర్ణయిస్తే అవసరానికి మించి కొంటారు. ఒక్క డిసెంబరు బిల్లు చూస్తే తక్కువ కొంటారు.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల దాకా ఇస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ. జూలై, ఆగస్టు ముసురులో బాగా తక్కువ. నెల సగటు 240 యూనిట్లున్న ఇంటికి 2 కిలోవాట్లు, 350 దగ్గర ఉన్న ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతాయి.

త్వరలో కొనబోయే వస్తువులను కూడా కలపండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి రోజుకు గంట వాడితే నెలకు 60 యూనిట్లు. వంటను గ్యాసు నుంచి కరెంటుకు మార్చాలనుకుంటే ఇప్పుడే లెక్కలో వేయాలి. ఎలక్ట్రిక్ స్కూటరు ఆలోచన ఉన్నా అంతే.

తర్వాత మీ బిల్లు ఏ శ్లాబు దాకా వెళుతోందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన గృహ టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 400 దాటాక అదే యూనిట్ 9.75 రూపాయలు. సోలార్ ముందుగా తగ్గించేది ఖరీదైన పై శ్లాబు యూనిట్లనే. అందుకే నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది, 90 యూనిట్లు వాడే ఇంటికి చాలా ఏళ్లు పడుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు పొందుతున్న కుటుంబానికి అప్పు చేసి సోలార్ పెట్టించుకోమని నేను చెప్పను.

మిగులు కరెంటు అమ్మి సంపాదించవచ్చన్న ఆశతో పెద్ద వ్యవస్థ పెట్టకండి. మిగిలిన యూనిట్లకు విద్యుత్ సంస్థ ఇచ్చే ధర, మీరు పై శ్లాబులో కొనే ధర కంటే బాగా తక్కువ.

## 2. బిల్లు ఎవరి పేరున ఉంది?

ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే ఆగుతాయి. కరెంటు కనెక్షన్, దరఖాస్తు, సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా మూడూ ఒకే మనిషి పేరున ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉన్నా తర్వాత తిరగాల్సి వస్తుంది.

బిల్లు చనిపోయినవారి పేరున ఉంటే ముందు పేరు మార్పు చేయించండి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు లేదా రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఆధార్, మిగతా వారసుల అంగీకార పత్రం సాధారణంగా అడుగుతారు. దీనికి ఎన్ని వారాలు పట్టినా సోలార్ దరఖాస్తు తర్వాతే వేయండి. రెండూ ఒకేసారి నడిపితే రెండూ చిక్కుపడతాయి.

కింద మీరు, పైన అద్దెకున్నవారు వేర్వేరు మీటర్లతో ఉంటే సోలార్ ఒక్క మీటరుకే కలుస్తుంది. ఆ మీటరు వాడకం మాత్రమే తగ్గుతుంది. ఎక్కువ యూనిట్లు కాలే మీటరును ఎంచుకుని, మొదటి అడుగులో చేసిన లెక్కను దాని బిల్లులతోనే చేయండి.

దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి:

- కనెక్షన్ గృహ కేటగిరీలో ఉందా? సబ్సిడీ ఇళ్లకే.
- పాత బకాయిలు లేవా?
- సర్వీసు నంబరు ఉన్న తాజా బిల్లు చేతిలో ఉందా? తెలంగాణలో బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు (ప్రతి కనెక్షన్‌కూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య) కూడా రాసిపెట్టుకోండి.
- బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందా?
- బిల్లుపై ఉన్న కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు ఎంత? సోలార్ అంతకు మించితే లోడు పెంచాలి. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, కావలసిన లోడు పెంపును విద్యుత్ సంస్థే చేస్తుంది. స్థిర ఛార్జీ మాత్రం కొంచెం పెరగవచ్చు.

## 3. డాబా ఎక్కి నీడ కొలవండి

ఈ పనికి ఒక ఆదివారం కేటాయించండి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి. 3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పడతాయి. ఒక్కొక్కటి దాదాపు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది.

ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు. వాటిలో ఒకదాని మీద నీడ పడినా మొత్తం వరుస దిగుబడి తగ్గుతుంది. మూల మీద పడే చిన్న నీడే కదా అని వదిలేస్తే పాతికేళ్లు ఆ నష్టం భరించాలి.

మన ఇళ్లలో వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతిలో, చాలాసార్లు మెట్ల గది మీద ఉంటుంది. సూర్యుడు దక్షిణంగా ఉండే చలికాలంలో దాని నీడ ఉదయం వాయవ్యానికి, మధ్యాహ్నం ఉత్తరానికి, సాయంత్రం ఈశాన్యానికి జరుగుతుంది. అంటే డాబా మధ్యభాగం మీదుగానే తిరుగుతుంది.

ఎంత దూరం పడుతుందో లెక్క చెబుతాను. విజయవాడ దగ్గర డిసెంబరు 21న ఉదయం 9 గంటలకూ మధ్యాహ్నం 3 గంటలకూ నీడ పొడవు వస్తువు ఎత్తుకు దాదాపు 1.7 రెట్లు ఉంటుంది. మెట్ల గది, ట్యాంకు కలిపి డాబా మీద 13 అడుగులుంటే నీడ 22 అడుగులు. అదే ప్యానెళ్లను 7 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ మీద పెడితే వాటికి అడ్డొచ్చే ఎత్తు 6 అడుగులే, నీడ 10 అడుగులకు తగ్గుతుంది.

వేసవిలో చూసి నీడ లేదనుకోవడమే ఇక్కడ అందరూ చేసే పొరపాటు. మే నెల రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు నీడలు చాలా చిన్నవి. వేసవిలో కొలుస్తున్నవారు పైన చెప్పిన 1.7 రెట్ల లెక్కతో సుద్దముక్కతో డాబా మీద గీతలు గీసుకోండి. పక్కింటి కొబ్బరిచెట్టు ఐదేళ్లలో ఎంత పెరుగుతుందో, పక్క ఖాళీ స్థలంలో మేడ లేస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి.

ప్యానెళ్ల ముఖం దక్షిణానికి, వాలు 10 నుంచి 15 డిగ్రీలు ఉంటే మనకు బాగుంటుంది. వాలు బొత్తిగా తక్కువైతే వాన నీటితో దుమ్ము జారిపోక కింది అంచున పేరుకుంటుంది. దక్షిణం వీలుకాకపోతే తూర్పు, పడమరలకు పెట్టినా దిగుబడి మరీ పడిపోదు. వాస్తు పేరుతో ఉత్తరానికి తిప్పించకండి, చలికాలం దిగుబడి పోతుంది. బరువు నైరుతిలో ఉండాలనుకుంటే ఆ చోటును ఎంచుకుని, ముఖం మాత్రం దక్షిణానికే ఉంచండి.

ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే పెట్టెను ఇన్వర్టర్ అంటారు. నీడ ఎలా చూసినా తప్పదనుకుంటే ప్రతి ప్యానెల్‌కూ విడిగా పనిచేసే మైక్రో ఇన్వర్టర్లు అడగండి. ఖర్చు ఎక్కువే, కానీ ఒక ప్యానెల్ నీడ మిగతావాటిని దెబ్బతీయదు.

## 4. కొటేషన్లు, డబ్బు

పథకంలో నమోదైన విక్రేతల నుంచి కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. ఒకే అంకె రాసిచ్చే కొటేషన్‌ను పక్కన పెట్టండి. ప్రతి వస్తువు పేరు, మోడల్, సంఖ్య విడిగా ఉండాలి.

కేంద్ర సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000. మొత్తం 78,000 దాటదు. ప్యానెళ్ల సామర్థ్యం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో తక్కువ ఉన్నదాని మీదే లెక్క వేస్తారు. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెడితే 2.7 కిలోవాట్లే కాబట్టి 72,600 వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వ సాయం కూడా ఉంది. మీకు వర్తిస్తుందో లేదో సంతకం పెట్టకముందే విద్యుత్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

సబ్సిడీ పని పూర్తయ్యాక నేరుగా మీ ఖాతాలో పడుతుంది. కాబట్టి మొదట మొత్తం ఖర్చుకూ మీరే డబ్బు చూసుకోవాలి. 3 కిలోవాట్ల దాకా 2 లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకులు రుణమిస్తాయి. నెల వాయిదాను, మీ బిల్లులో నెలకు తగ్గే మొత్తాన్ని పక్కపక్కన రాసి చూసుకోండి. సబ్సిడీ తెప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారికి పైసా ఇవ్వకండి.

కొటేషన్‌లో తప్పక ఉండాల్సినవి:

- ప్యానెళ్లు డీసీఆర్ రకమని స్పష్టంగా రాసి ఉండాలి. అంటే సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైనవి. అవి కాకపోతే సబ్సిడీ రాదు. ధర తక్కువగా కనిపించే కొటేషన్లలో ముందు చూడాల్సింది ఇదే.
- ప్యానెళ్లకు 25 ఏళ్ల పనితీరు వారంటీ, ఇన్వర్టర్‌కు ఎన్నేళ్లో అంకెల్లో.
- స్ట్రక్చర్ వేడి జింకు పూత వేసినదై ఉండాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.
- మూడు విడి ఎర్తింగ్ గుంతలు: ప్యానెళ్లు ఉన్న డీసీ వైపు ఒకటి, ఏసీ వైపు ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి.
- ఐదేళ్ల నిర్వహణ విక్రేతదే అన్న వాక్యం.
- చెల్లింపు విడతలు. చివరి విడత నెట్ మీటరు పెట్టాకే ఇచ్చేలా రాయించుకోండి.

కరెంటు పోయినప్పుడు ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద లైను సరిచేస్తున్న మనిషికి మీ ఇంటి కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా తయారు చేస్తారు. కోతలు ఎక్కువగా ఉన్న ఊరైతే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ వ్యవస్థ ధర కూడా అడగండి. బ్యాటరీకి సబ్సిడీ ఉండదు. ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే అవి కోతల్లో ఎప్పటిలాగే పనిచేస్తాయి.

## 5. దరఖాస్తు వరుస

1. పీఎం సూర్య ఘర్ జాతీయ పోర్టల్‌లో మీ మొబైల్ నంబరుతోనే నమోదు కండి. విక్రేత నంబరు ఇస్తే తర్వాతి సందేశాలన్నీ వారికి వెళతాయి.
2. రాష్ట్రం, విద్యుత్ సంస్థ, సర్వీసు నంబరు ఇచ్చి దరఖాస్తు పూర్తి చేయండి. తెలంగాణలో దక్షిణ, ఉత్తర సంస్థలు రెండు. ఆంధ్రలో తూర్పు, మధ్య, దక్షిణ సంస్థలు మూడు. మీ బిల్లు మీద ఉన్న పేరే ఎంచుకోండి.
3. ఆమోదం వచ్చాక విక్రేతను ఎంచుకుని ఒప్పందం చేసుకోండి. రుణం కావాలంటే బ్యాంకు పని ఈ దశలోనే.
4. బిగింపు పూర్తయ్యాక వివరాలు, ఫొటోలు పోర్టల్‌లో చేరాయో లేదో మీరే చూసుకోండి.
5. నెట్ మీటరు దరఖాస్తు, విద్యుత్ సిబ్బంది తనిఖీ, మీటరు బిగింపు.
6. పని ప్రారంభమైనట్టు ధ్రువపత్రం పోర్టల్‌లో రాగానే బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు ఫొటో పెట్టండి. ఇది మరిచిపోతే సబ్సిడీ కదలదు.

## 6. బిగించే రోజుల్లో పక్కన నిలబడండి

ప్యానెళ్లు దించగానే ప్రతిదాని సీరియల్ నంబరు ఫొటో తీయండి. వారంటీకీ డీసీఆర్ పత్రానికీ అవే ఆధారం. అద్దంపై గీతలు, అంచుల దగ్గర వంపులు ఉంటే అప్పుడే వెనక్కి పంపండి.

స్లాబుకు ఇష్టమొచ్చినట్టు రంధ్రాలు వేయనివ్వకండి. కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో కాళ్లు నిలపడం మంచిది. ఎక్కడైనా రంధ్రం తప్పదంటే వాటర్‌ప్రూఫ్ పూత ఆ రోజే వేయించండి. వానాకాలం దాకా ఆగితే గది పైకప్పు కారుతుంది.

గాలి విషయంలో రాజీ పడకండి. భవనాల గాలి ప్రమాణాల్లో విశాఖ, విజయవాడలకు మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. కోస్తాలో బరువు దిమ్మెలు ఊరికే ఆన్చి వదిలేసే పద్ధతి వద్దు. దిమ్మెలు స్లాబుకు గట్టిగా అతుక్కుని ఉండాలి. ప్యానెళ్లను ఎత్తుగా పెట్టి కింద బట్టలు ఆరేసుకోవాలనుకునేవారు అడ్డదూలాలు, క్రాస్ పట్టీలు ఎక్కువ వేయించుకోవాలి.

కేబుళ్లను కలిపే కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి ఉన్నాయేమో చూడండి. జత కుదరని కనెక్టర్లు వదులై వేడెక్కి, మంటలకు దారితీస్తాయి. తీగలన్నీ పైపుల్లో వెళ్లాలి. వేలాడే తీగను కోతులు వదలవు.

ఇన్వర్టర్‌ను పడమటి ఎండ తగలని, గాలి ఆడే గోడకు పెట్టించండి. దాని యాప్ మీ ఫోనులో, మీ ఈమెయిల్‌తో తెరిపించి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆర్పేటప్పుడు ముందు ఏసీ స్విచ్చు, తర్వాత డీసీ స్విచ్చు అని ఇంట్లో అందరికీ చూపించండి. పగటివేళ ప్యానెళ్ల నుంచి వచ్చే తీగల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుందని పిల్లలకు కూడా చెప్పండి.

## 7. నెట్ మీటరు వచ్చేదాకా స్విచ్చు వేయకండి

పని అయిపోయింది, ఎండ కాస్తోంది, ఊరికే పోతోందని ఆత్రపడతారు. కానీ కొన్ని పాత మీటర్లు బయటికి వెళ్లే యూనిట్లను కూడా లోపలికి వచ్చినట్టే లెక్కిస్తాయి. అప్పుడు మీరు ఇచ్చిన కరెంటుకు మీరే బిల్లు కట్టాలి. అనుమతి లేకుండా లైనుకు కలపడం నిబంధనలకూ విరుద్ధం.

మీటరు మార్చిన రోజు పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు మొదటి రీడింగు ఫొటోలు తీసుకోండి.

## 8. మొదటి బిల్లు చదవడం

బిల్లులో రెండు అంకెలుంటాయి: లైను నుంచి తీసుకున్నవి, లైనుకు ఇచ్చినవి. పగలు సోలార్ నుంచి నేరుగా వాడుకున్నవి బిల్లులో కనిపించవు. అందుకే యాప్‌లో 360 యూనిట్లు, బిల్లులో 220 చూసి మోసం జరిగిందనుకుంటారు.

లెక్క ఇలా చేయండి. తయారైనవి 360, లైనుకు ఇచ్చినవి 220 అయితే నేరుగా వాడినవి 140. లైను నుంచి తీసుకున్నవి 190 అయితే ఇంటి మొత్తం వాడకం 330. ఇచ్చినవి 30 ఎక్కువ కాబట్టి అవి మీ ఖాతాలో జమ అవుతాయి. బిల్లు సున్నాకు రాదు, స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఉంటాయి.

## 9. దిగుబడి తగ్గితే ఎక్కడ వెతకాలి

మేలో తగ్గింది. సహజమే. ఎండతో పాటు ప్యానెల్ వేడి కూడా పెరుగుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున శక్తి పడిపోతుంది. ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 14 శాతం పోయినట్టే. కింద గాలి ఆడే ఖాళీ ఉందో లేదో చూడండి.

మిట్టమధ్యాహ్నం ఆగి ఆగి పనిచేస్తోంది. లైను చివరి ఇళ్లలో వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ తనంతట ఆగిపోతుంది. ఆ సమయంలో ఇన్వర్టర్ తెర మీది వోల్టేజీని ఫొటో తీసి విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో ఇవ్వండి. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా తీగ సన్నగా ఉన్నా ఇదే జరుగుతుంది, మందమైన తీగ వేయిస్తే తగ్గుతుంది.

వాన పడితే లోపం చూపుతోంది. కనెక్టర్‌లోకి నీరు చేరి ఉంటుంది. మీరు విప్పకండి, విక్రేతను పిలవండి.

మెల్లమెల్లగా తగ్గుతోంది. దుమ్ము. వాన లేని నెలల్లో రెండు వారాలకోసారి కడగండి. తెల్లవారుజామున గానీ ఎండ దిగాక గానీ మెత్తటి గుడ్డ, పొడవైన కర్రతో తుడవాలి. మండే అద్దం మీద చల్లని నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో రబ్బరు పట్టీతో వెంటనే నీరు లాగేయాలి. లేకపోతే తెల్లటి పొర గట్టిపడి గీరినా పోదు.

## 10. తుఫాను హెచ్చరిక వస్తే

ప్రతి ఏడాది సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకు ముందే బోల్టులన్నీ బిగించండి. హెచ్చరిక వచ్చాక డాబా మీద ఎగిరే రేకులు, కుండీలు దించేయండి. ప్యానెళ్లు పగిలేది ఎక్కువగా వాటి తాకిడికే. ఏసీ, డీసీ స్విచ్చులు ఆర్పండి.

ఇంటి బీమా ఉంటే సోలార్‌ను అందులో చేర్పించండి. గాలివాన తగ్గాక స్విచ్చులు వేయడానికి ముందు డాబా చుట్టూ తిరిగి ఫొటోలు తీయండి. పగిలిన ప్యానెల్ కనిపిస్తే ముట్టుకోకండి. అది తడిసి ఉన్నా వెలుతురు ఉన్నంతసేపూ కరెంటు ఉంటుంది. విక్రేత వచ్చి దాన్ని విడదీశాకే మిగతా వరుసను నడపండి, ఆ ఫొటోలను సీరియల్ నంబర్లతో కలిపి బీమా సంస్థకు పంపండి.